గ్రంథముల ఆవర్జా: ఒక పుస్తకమును వెదకిన అనుభవము



ఈ సంచికలో పెద్దలు ధర్మమును గురించియు, చరిత్రను గురించియు వ్రాయుదురు. నేను పండితుడను కాను. హైస్కూలుతో చదువు ఆపి, ముప్పదియైదేండ్లుగా బళ్లారిలో బట్టల వ్యాపారము చేసికొనుచున్నవాడను. అయినను ఒక పుస్తకమును వెదకబోయి నేను చేసిన పొరపాటు, దానిని దిద్దుకొన్న తీరు మన యువతీయువకులకు ఉపయోగపడునని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఒక నోటుబుక్కు

మా నాయనగారు కాలము చేసిన పిదప వారి పెట్టె సర్దుచుండగా, గుడ్డ అట్ట వేసిన ఒక నోటుబుక్కు దొరికినది. ఒక ప్రక్క అంగడి లెక్కలు, రెండవ ప్రక్క తెలుగు పద్యములు. మొదటి ఆకులు చెదలు తినివేసినవి. పుస్తకము పేరు లేదు, కవి పేరు లేదు. గణములు, యతి, ప్రాస అను మాటలు తరచుగా వచ్చుచున్నవి. అక్కడక్కడ ‘రేచ’ అను పేరు కనబడుచున్నది. బ్రతికియున్న దినములలో నాయనగారు ఆ పుస్తకమును చూపి, “ఇది మనవాడు వ్రాసినదిరా” అని ఒకటి రెండు మారులు అన్నారు. నేను వ్యాపారపు తొందరలో, “పాత కాగితములు నాయనా, తరువాత చూతము” అని ప్రక్కకు పెట్టితిని. ఆ తరువాత అడుగుటకు వారు లేకపోయిరి.

మా అమ్మాయి కంప్యూటరులో ‘రేచ’ అని వేసి చూచినది. ఏమేమో వచ్చినవి గాని మాకు కావలసినది రాలేదు. పిదప ఒక గ్రంథాలయమునకు పోయి, తెలుగు విభాగములో ‘జైన’ అను శీర్షిక క్రింద చూపుమన్నాను. నాలుగైదు ధర్మబోధ పుస్తకములు తప్ప మరేమియు లేవన్నారు. అంతటితో నా వెదకులాట ముగిసినది. ఆ సంవత్సరము మన వారి సమావేశములో మాటాడుచు, “కన్నడములో పంపడు, పొన్నడు, రన్నడు ఉన్నారు. తెలుగులో మనవారిది అని చెప్పుకొనుటకు ఒక్క పుస్తకమైనను మిగిలిలేదు” అని గట్టిగా చెప్పినాను. అందరును తలలు ఊపినారు.

ఆ సభలో ఎమ్మే చదువుచున్న ఒక కుర్రవాడు ఉండెను. తెలుగు సాహిత్యములో జైనుల పాత్ర అను విషయముపై వ్యాసము వ్రాయవలెనని అనుకొనుచుండినవాడు. పెద్దవాడు చెప్పినాడు గదా అని నా మాట నమ్మి, ఆ విషయము వదలి వేరొకటి తీసికొన్నాడు. ఈ సంగతి నాకు చాల కాలము తరువాత తెలిసినది.

చిట్టాయు, ఆవర్జాయు

సరుకు కొనుటకు నేను చెన్నపట్టణము పోవుట వాడుక. ఒకసారి పని తొందరగా ముగిసినందున, నోటుబుక్కు చేత పట్టుకొని అక్కడి ఒక గ్రంథాలయమునకు పోయినాను. అచ్చట పనిచేయు ఒక పెద్దాయన నా కథ విని, “సావుకారు గారూ, మీరు వ్రాసినవాని మతము క్రింద వెదకినారు. పుస్తకము దేనిని గురించి చెప్పుచున్నదో దాని క్రింద వెదకినారా?” అని అడిగినారు. లేదన్నాను. “ఇవి ఛందస్సు పద్యములు. ఛందస్సు క్రింద చూతము” అని పట్టిక తెరచినారు. పది నిమిషములలో ‘కవిజనాశ్రయము’ అను పుస్తకము నా ముందు ఉన్నది. నాయనగారి పద్యములు అందులో వరుసగా కనబడినవి.

అయితే ఆ పట్టికలో కర్త పేరు రేచన కాదు, వేములవాడ భీమకవి! చిరకాలము ఆ గ్రంథము భీమకవిదే అని లోకములో వాడుక. జయంతి రామయ్య పంతులు గారు దానిని పరిష్కరించి ప్రకటించినారు. మల్లియ రేచన అను జైనకవి దాని కర్త అని పండితులు చెప్పినారు. శ్రావకాభరణుడని అతనిని పేర్కొందురు. అతని కాలమును గురించి మాత్రము పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఆ చర్చ నా వంటివానిది కాదు. నాకు తెలిసిన సంగతి ఒక్కటే. పుస్తకము బీరువాలో ఉన్నది. నేను దానిని వేరొకరి ఖాతాలో వెదకక, లేదని ప్రచారము చేసితిని.

వ్యాపారులకు ఈ సంగతి సులభముగా బోధపడును. మన అంగడిలో చిట్టా ఉన్నది, ఆవర్జా ఉన్నది. ఏ దినము ఏమి వచ్చినదో వరుసగా చిట్టాలో వ్రాయుదుము. ఎవరి ఖాతా వారికి ఏర్పరచి ఆవర్జాలోనికి ఎత్తుదుము. గ్రంథాలయమున కూడ అంతే. వచ్చిన పుస్తకములను వచ్చిన వరుసలో ఒక రిజిస్టరులో ఎక్కింతురు. అది వారి చిట్టా. పిదప ఒక్కొక్క పుస్తకమునకు కర్త పేరున ఒక కార్డు, పుస్తకము పేరున ఒక కార్డు, విషయము పేరున ఒక కార్డు వ్రాసి అకారాది క్రమములో పెట్టెడివారు. అది వారి ఆవర్జా. దానినే కేటలాగు అందురు. నేడు కార్డుల స్థానమున కంప్యూటరు వచ్చినది గాని పద్ధతి మారలేదు. ఒక పద్దును ఏ ఖాతాకు ఎత్తినారో ఆ ఖాతాలోనే అది దొరకును. ‘ఈ పేరు క్రింద లేదు’ అను మాటకు ‘ఈ గ్రంథము లేదు’ అని అర్థము చెప్పుకొనరాదు.

పుస్తకముపై వేసిన అంకె కూడ ఒక గుర్తే. అమెరికాలో మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిని మన దేశములో పెక్కు గ్రంథాలయములు అనుసరించుచున్నవి. అందులో జైనధర్మమునకు 294.4, తెలుగు సాహిత్యమునకు 894.827, తెలుగు భాషకు 494.827 అను అంకెలు ఏర్పడియున్నవి. జైనుడు వ్రాసిన తెలుగు ఛందోగ్రంథము మొదటి అంకె క్రింద ఉండదు. రెండవదానిలోనో మూడవదానిలోనో ఉండును. ఈ మూడు అంకెలు నాకు ముందే తెలిసియున్నచో నేను అన్నేండ్లు పోగొట్టుకొనెడివాడను కాను.

ఒకే పేరు, పలు రూపములు

వెదకునప్పుడు ముఖ్యముగా గమనింపవలసినది పేర్ల సంగతి. మన తెలుగువారిలో ఇంటిపేరు ముందు, వ్యక్తి పేరు వెనుక. పాశ్చాత్యులలో ఇంటిపేరు వెనుక. అందుచేత ఒక పట్టికలో ‘జయంతి రామయ్య’ అని ఉన్నవారు వేరొక పట్టికలో ‘రామయ్య, జయంతి’ అని ఉందురు. పంతులు, శాస్త్రి, రావు వంటి చివరి మాటలు ఒకచోట ఉండును, మరొకచోట ఉండవు. కావున రెండు విధములుగను వెదకవలెను.

పుస్తకము పేరు కూడ అట్లే. ‘కవిజనాశ్రయము’ అని ఒకరు, ‘కవిజనాశ్రయం’ అని ఒకరు వ్రాయుదురు. ఇంగ్లీషు లిపిలోనికి మార్చునప్పుడు చిక్కు ఇంకను ఎక్కువ. ‘శ’ అను అక్షరమునకు ఒకరు ఎస్ మాత్రమే వ్రాయుదురు, ఒకరు ఎస్ ప్రక్కన హెచ్ చేర్తురు, పెద్ద గ్రంథాలయములవారు ఎస్ మీద చిన్న గీత పెట్టుదురు. ‘చరిత్ర’ అను మాటను మనము సి హెచ్ తో మొదలుపెట్టుదుము. అమెరికా గ్రంథాలయముల నియమము ప్రకారము అది ఒక్క సి తోనే మొదలగును. సి హెచ్ అనునది వారికి ‘ఛ’. ఈ తేడా ఎరుగక అడిగినవారికి యంత్రము ‘లేదు’ అని చెప్పును. అది అబద్ధమాడదు. మనము అడిగిన వర్ణక్రమము దానివద్ద లేదు, అంతే. కావున పేరులో సందేహము లేని నాలుగైదు అక్షరములు మాత్రము వేసి చూచుట మంచిది.

వ్రాతప్రతుల పట్టికలు

అచ్చుపుస్తకములకు ముఖపత్రము ఉండును. తాళపత్రములకు అది ఉండదు. మొదటి ఆకు, చివరి ఆకు పోయిన ప్రతులు ఎన్నో కలవు. వానిని గుర్తించుటకు పూర్వులు వివరణాత్మక పట్టికలు తయారుచేసినారు. ఒక్కొక్క ప్రతికి ఎన్ని ఆకులు, పుటకు ఎన్ని పంక్తులు, ఏ లిపి, ప్రతి స్థితి ఎట్లున్నది అని వ్రాసి, గ్రంథము మొదటి భాగమును, చివరి భాగమును కొంత ఎత్తి వ్రాయుదురు. పేరులేని ప్రతి మనవద్ద ఉన్నచో, దానిలోని పద్యములను ఈ ఆద్యంతములతో పోల్చి చూడవచ్చును.

చెన్నపట్టణములోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయమువారి తెలుగు పట్టికలు ఇట్టివే. ఆ గ్రంథాలయమునకు మూలధనముగా చేరినవానిలో కల్నల్ కాలిన్ మెకంజీ సేకరించినవి, సి. పి. బ్రౌను దొర సేకరించినవి ముఖ్యములు. మెకంజీ 1821లో మరణించినాడు. అతని సేకరణకు హెచ్. హెచ్. విల్సన్ 1828లో ఒక పట్టిక ప్రకటించినాడు. మనము జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఒకటి కలదు. మెకంజీవద్ద కావలి సోదరులు అను తెలుగువారు పనిచేసినట్లే, మలెయూరు ధర్మయ్య అను జైన పండితుడును పనిచేసినాడు. అట్టివారి శ్రమ లేనిచో ఆ పట్టికలలో ఎన్నో పద్దులు ఉండెడివి కావు.

సంస్కృత ప్రాకృతములలోని జైన గ్రంథముల కొరకైతే హెచ్. డి. వేలంకర్ గారు కూర్చిన ‘జినరత్నకోశము’ కలదు. పూనాలోని భండార్కర్ సంస్థవారు 1944లో దానిని ప్రకటించినారు. పాత తెలుగు అచ్చుపుస్తకముల కొరకు ఎల్. డి. బార్నెట్ తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియము తెలుగు గ్రంథముల పట్టిక, 1912లో అచ్చైనది, నేటికిని పనికివచ్చుచున్నది. మన ఊళ్లలో చెదలు తినిన పుస్తకము అక్కడ భద్రముగా ఉండవచ్చును.

ఇంటినుండి వెదకుట

ఇప్పుడు ఇంట కూర్చుండియే వెదకు సౌకర్యము కలిగినది. వరల్డ్‌క్యాట్ అనునది 1971లో ఆరంభమైన ఉమ్మడి పట్టిక. ప్రపంచములోని వేలాది గ్రంథాలయముల ఆవర్జాలు అందులో ఒక్కచోట చేరినవి. ఏ పుస్తకము ఏ ఊరి గ్రంథాలయమున ఉన్నదో అది చెప్పును. పుస్తకము మాత్రము ఇయ్యదు. చిరునామా ఇచ్చును.

పుస్తకమునే చదువుటకు వేరు చోట్లు కలవు. మన తెలుగువాడైన రాజ్ రెడ్డి గారు, 1994లో ట్యూరింగ్ బహుమానము పొందినవారు, పది లక్షల పుస్తకములను కంప్యూటరులోనికి ఎక్కింపవలెనను ప్రయత్నమునకు ముఖ్యులు. ఆ ప్రయత్నములో భాగముగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడి, వేల కొలది తెలుగు పుస్తకములను ఛాయాచిత్రములుగా తీసినది. వానిలో చాల భాగము ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితముగా చదువవచ్చును. అయితే ఎక్కించినవారు పేర్లను తొందరలో తప్పుగా కొట్టినవి అనేకము. కర్త పేరుచోట సంపాదకుని పేరు, సంవత్సరముచోట మరియొక సంవత్సరము కనబడును. పైచీటి చూచి బేలు కొనరాదని మనకు తెలియును గదా. విప్పి, తాను చూచి, కొలిచి తీసికొందుము. అట్లే ముఖపత్రము తెరచి, పీఠిక చూచి, పుటలు వరుసగా ఉన్నవో లేవో చూచిన తరువాతనే ‘ఇది ఫలానా గ్రంథము’ అని వ్రాసికొనవలెను.

విశ్వవిద్యాలయములకు సమర్పించిన పరిశోధన గ్రంథములు ‘శోధగంగ’ అను పేటికలో లభించును. ప్రతి పరిశోధన గ్రంథము చివర ఉపయుక్త గ్రంథసూచి ఉండును. ఒక మంచి సూచి దొరికినచో ఇరువది పుస్తకముల జాడ దొరికినట్లే. ఒకరు వేసిన బాట వెంట పోవుటలో చిన్నతనము లేదు.

పత్రికలలో వచ్చిన వ్యాసముల సంగతి వేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో స్థాపించిన ‘భారతి’ పత్రికలో ఎందరో పండితుల చర్చలు వెలువడినవి. గ్రంథాలయపు పట్టికలో ‘భారతి’ అను ఒక్క పద్దు మాత్రమే ఉండును. లోపలి వ్యాసముల పేర్లు ఉండవు. కావున సంపుటముల విషయసూచికలను ఓపికతో తిరుగవేయవలసినదే.

ఈ మధ్య ప్రశ్న వేసినంతనే తెలుగులో జవాబు చెప్పు యంత్రములు కూడ వచ్చినవి. మా అమ్మాయి వానిని వాడుచున్నది. అవి త్రోవ చూపును గాని, కొన్నిసార్లు లేని పుస్తకమునకు కూడ పేరు, కర్త, సంవత్సరము కల్పించి చెప్పును. దస్కతు చూడనిదే హుండీకి సొమ్ము చెల్లింతుమా? అవి చెప్పిన పుస్తకము ఏదైన ఒక గ్రంథాలయపు పట్టికలో కనబడువరకు దానిని జమకట్టరాదు.

రెండు లిపుల లాభము

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. మా పిల్లలు బడిలో కన్నడము చదువుదురు, ఇంట తెలుగు మాటాడుదురు. దీనిని కొరతగా భావించి చింతించువారు మనలో కలరు. నేనును చింతించినవాడనే. కాని ఈ వెదకులాటలో అది లాభమని తెలిసికొన్నాను.

కరీంనగరము ప్రాంతములోని కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్టపై పదవ శతాబ్దపు శాసనము ఒకటి కలదు. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు దానిని వేయించినాడు. అందులో సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును ఉన్నవి. తెలుగున మూడు కంద పద్యములు ఉన్నవి. నన్నయ భారతమునకు ముందటి తెలుగు పద్యములలో అవి లెక్కకు వచ్చును. దీనిని గురించి తెలిసికొనదలచినవాడు తెలుగు శీర్షికలు మాత్రము చూచినచో సగమే దొరకును. పంపని పేరున కన్నడ పట్టికలు చూడవలెను, శాసన సంపుటములు చూడవలెను. ఆ అన్నదమ్ములు రెండు భాషలకును చెందినవారు. వారిని వెదకుటకు రెండు లిపులు చదువగల మన పిల్లలకంటె తగినవారు ఎవరు?

వెదకిన లెక్క

తుదకు ఒక ముఖ్యమైన నియమము. వెదకినది దొరకినను, దొరకకున్నను, లెక్క వ్రాసికొనవలెను. ఏ తేదీన, ఏ గ్రంథాలయమున లేక ఏ పట్టికలో, ఏ మాట వేసి వెదకితిని, ఏమి వచ్చినది అను నాలుగు గళ్లు చాలును. దొరకినదానికి ప్రకటించినవారి పేరు, సంవత్సరము, పుట సంఖ్య చేర్చవలెను. దొరకని పద్దును కొట్టివేయరాదు. దానిని రాని బాకీగా కాక, రావలసిన బాకీగా నిలుపవలెను. నేనట్లు లెక్క వ్రాసియున్నచో, ఆనాడు సభలో ‘లేదు’ అనుటకు బదులు ‘రేచ అను మాటతోను, జైన అను శీర్షికతోను వెదకితిని, ఇంకను దొరకలేదు’ అనెడివాడను. విన్నవారిలో ఒక్కరైన ‘ఛందస్సు క్రింద చూచితిరా?’ అని అడిగియుందురు. ఆ కుర్రవాడు తన విషయము వదలుకొనెడివాడు కాడు.

నేను అతని ఇంటికి పోయి జరిగినది చెప్పి, నా తప్పు ఒప్పుకొన్నాను. అప్పటికి అతని వ్యాసము వేరొక విషయముపై పూర్తియైపోయినది. “పోనీలే మామా, పుస్తకము ఉన్నది గదా, ఎక్కడికి పోవును” అన్నాడు. మంచివాడు. కాని పుస్తకములు పోవును. మా నాయనగారి నోటుబుక్కు మొదటి ఆకులు పోనే పోయినవి. అచ్చుప్రతితో పోల్చగా ఐదారు చోట్ల మాటలు వేరుగా ఉన్నవి. అవి వ్రాతలో దొర్లిన తప్పులో, మరియొక ప్రతిలోని పాఠములో తేల్చవలసినవారు పండితులు. నాయనగారు ఎవరి పుస్తకము చూచి ఎత్తి వ్రాసికొన్నారో చెప్పగల మనుష్యుడు నేడు లేడు. ఆ ప్రశ్న నేను వారిని అడిగియుండవలసినది.

కావున నా మనవి. బళ్లారి, మద్రాసు, బరంపురము, షోలాపురము, యానాము ఎచ్చట ఉన్నను, ప్రతి ఇంటివారును ఈ సంవత్సరము ఒక ఆదివారము కేటాయించి ఇంటిలోని పాత పుస్తకములకు ఒక చిన్న ఆవర్జా వ్రాయుడు. పుస్తకము పేరు, కర్త, అచ్చైన సంవత్సరము, పుటలు, స్థితి. పేరు తెలియనిదానికి మొదట కనబడిన పద్యము, చివర కనబడిన పద్యము ఎత్తి వ్రాయుడు. పాత కాగితములవానికి అమ్ముటకు ముందు మరి ఒక్కసారి చూడుడు. ఆ పుస్తకమును గురించి చెప్పగల పెద్దలు ఇంట ఉన్నచో, వారిని ఇప్పుడే అడుగుడు.

ఇట్లు, మీ సోదరుడు,
ఒక వర్తకుడు, బళ్లారి.